పెంకు మీద నూడుల్స్, పైన పండుమిర్చి పచ్చడి

దయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకాన్ని. భయంతో కాదు, విసుగుతో. ఇరవై రెండేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. మనిషి నోరు చెప్పేది ఒకటి, రక్తం చెప్పేది ఇంకొకటి. స్వీటు ముట్టుకుని ఏడాదైందని ఒట్టు పెట్టుకునే వాళ్ళ షుగర్ ఎంతుందో నేను రోజూ చూస్తాను. అందుకే రిపోర్టు చేతికి వచ్చేదాకా ఏదీ నమ్మకపోవడం నాకు అలవాటైపోయింది.

దయ్యాలనే కాదు, నేను మా తమ్ముణ్ణి కూడా ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది వాడి గురించే.

నా పేరు సుగుణ. విజయవాడ గుణదలలో ఒక గది, ఒక వంటిల్లు, నేను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయి చాలా కాలమైంది. వారానికి రెండు రోజులు కంకిపాడు, ఉయ్యూరు, చల్లపల్లి వైపు వెళ్ళి, అక్కడి సెంటర్లలో పొద్దున్నే తీసిన శాంపిల్స్ ఐసు డబ్బాలో పెట్టుకుని మా ల్యాబుకి తెస్తాను. ఆ డబ్బా చూసి దారిలో అందరూ నన్ను డాక్టరమ్మ గారూ అంటారు. కాదని చెప్పి చెప్పి మానేశాను.

తమ్ముడి పేరు విక్టర్. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఓడల్లో వంటవాడిగా పదకొండేళ్ళు తిరిగాడు. వచ్చినప్పుడల్లా సూట్‌కేసు నిండా చాక్లెట్లు, నోటి నిండా కోతలు. ఒక ఊళ్ళో అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించలేదని చెప్పేవాడు. బస్సంత చేప ఓడ పక్కనే ఈదుతూ వచ్చిందని చెప్పేవాడు. మా బంధువుల్లో వాడి మాట నమ్మేవాళ్ళు ఒక్కళ్ళు లేరు. వాడు నోరు విప్పితే చాలు, పిల్లలు కూడా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వేవాళ్ళు. వాడూ వాళ్ళతో పాటు నవ్వేసేవాడు. ఆ నవ్వు చూసి వాడికి బాధ లేదనుకున్నాను.

వాడి కోతల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ నవ్వించింది జపాన్ నూడుల్స్ సంగతి. ఓడ రిపేరుకని జపాన్‌లో ఏదో రేవులో నెలన్నర ఆగిందట. అక్కడ ఒక హోటల్లో నూడుల్స్ పళ్ళెంలో కాకుండా ఇంటి మీద వేసే పెంకు మీద పెట్టి ఇచ్చారట. మండే పెంకు. దాని మీద ఆకుపచ్చటి నూడుల్స్, సన్నగా తరిగిన ఆమ్లెట్టు, మాంసం పీచులు. అన్నిటి పైనా ఒక నిమ్మచక్రం, దాని మీద వేలెడు పండుమిర్చి పచ్చడి. పక్కన గిన్నెలో తియ్యతియ్యటి వేడి చారు. నూడుల్స్ తీసి అందులో ముంచుకుని తినాలి.

జపాన్ వాళ్ళకి పండుమిర్చి పచ్చడి ఎక్కడిదిరా, మన గుంటూరు నుంచి పార్సిల్ వెళ్ళిందా అని అడిగాను. నా కళ్ళతో చూశానక్కా, ఎర్రగా అదే, అన్నాడు.

అంతటితో ఆగలేదు. కంకిపాడులో మా పాత ఇల్లు పెంకుటిల్లు. ఓడ ఉద్యోగం మానేశాక వాడు అక్కడే ఒంటరిగా ఉండేవాడు. ఒక రోజు నాకు చేసి చూపిస్తానని కప్పు నుంచి ఒక పెంకు ఊడదీసి గ్యాసు పొయ్యి మీద పెట్టాడు. రెండు నిమిషాల్లో అది టప్పున పగిలి ముక్కలు వంటింటి నిండా ఎగిరాయి. పక్కింటావిడ వచ్చి చూసి, కొత్త కుండ వాడే ముందు గంజిలో నానబెట్టినట్టు దీన్నీ నానబెట్టాలి కదయ్యా అంది. ఆ పెంకు తీసిన చోట వానాకాలమంతా కారింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ కారే చోట గిన్నె పెట్టి, ఇదిగో నీ జపాన్ చారు అని ఏడిపించేదాన్ని.

ఇంకో మాట కూడా అనేవాడు. పెంకుకి అంటుకున్న అడుగు నూడుల్స్ కరకరలాడతాయట, అన్నం గిన్నె అడుగున మాడులాగా. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ మాడు కోసం ఇద్దరం కొట్టుకునేవాళ్ళం. పెద్దది కాబట్టి అడుగుది దానికి అని అమ్మ తీర్పు చెప్పి నాకే పెట్టేది. ఆ అడుగుది నీకే పెడతాలే అక్కా అనేవాడు.

వాడు పోయింది జూలైలో. ముందు రోజు సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. నేను ల్యాబు నుంచి అప్పుడే ఇంటికి వచ్చాను. ఆ ఫోన్ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

గుండెల్లో మంటగా ఉందక్కా, ఊరికే చెమటలు పడుతున్నాయి అన్నాడు. అంతకు ముందు నెల కాలు విరిగిందని గోల పెట్టి నాతో సెలవు పెట్టించి రప్పించాడు. వెళ్ళి చూస్తే బెణుకు. అది గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. గ్యాస్ అయ్యుంటుంది, మజ్జిగ తాగి పడుకో అన్నాను.

"అక్కా, ఈసారి నిజంగానే" అన్నాడు.

"నీకెప్పుడూ నిజంగానే కదరా" అన్నాను.

తెల్లవారి పక్కింటావిడ తలుపు తట్టి చూసింది. అప్పటికే అయిపోయింది. వాడికి నలభై నిండలేదు.

మా ల్యాబులో ఈసీజీ మిషను ఉంది. పావుగంట పని. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి రోజుకి ఇరవై మందికి తీస్తాం. ఆటో ఎక్కి రారా అని ఒక్క మాట అంటే వచ్చేవాడు. ఆ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎవరైనా ఛాతీ పట్టుకుని మా కౌంటరు దగ్గరికి వస్తే, చీటీ కూడా రాయకుండా ముందు ఈసీజీ గదిలోకి తీసుకెళ్ళేదాన్ని.

కంకిపాడు ఇల్లు అమ్మేశాను. కొన్నవాళ్ళు పెంకులు దింపించేసి డాబా మొదలుపెట్టారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాడు ఫోన్ చేసేవాడు, ఆ వేళకి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవడం మాత్రం నాకు పోలేదు. ఒక్కదానికే కదా అని వంట కూడా సగం రోజులు మానేశాను. ఒంటికాయ శొంఠికొమ్ములా రెండేళ్ళు గడిచాయి.

ఇక జరిగిన విషయానికి వస్తాను. పోయిన ఆగస్టు, గురువారం. చల్లపల్లి సెంటర్లో శాంపిల్స్ తీసుకుని షేర్ ఆటో ఎక్కాను. పామర్రులో దిగి విజయవాడ బస్సు పట్టుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది. వాన పడుతోంది. కాలవ పక్క రోడ్డు, అటూ ఇటూ అప్పుడే నాట్లు వేసిన పొలాలు. సగం దారిలో ఆటో టైరు పంచరైంది. డ్రైవరు గంట పడుతుందన్నాడు. మిగతా వాళ్ళు వేరే ఆటో దొరికించుకుని వెళ్ళిపోయారు, నా డబ్బాకి అందులో చోటు లేకపోయింది.

కొంచెం దూరంలో రేకుల షెడ్డు కనిపిస్తే గొడుగు వేసుకుని అటు నడిచాను. ముందు ఒక రేకు మీద చేత్తో రాసిన బోర్డు ఉంది, ఆ దారిన వారం వారం వెళ్తున్నా నా కంట ఎప్పుడూ పడలేదు. టిఫిన్స్, భోజనం అని రెండు వరుసలు. మూడో వరుసలో పెంకు నూడుల్స్ అని ఉంది.

వానలో నిలబడి ఆ మూడో వరుస మూడు సార్లు చదివాను. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. ఫోన్లో చూసి జనం ఏవేవో వండుతున్నారు, ఇదీ అలాంటిదే అనుకుని లోపలికి వెళ్ళాను.

లోపల రెండు బల్లలు, ఒక కట్టెల పొయ్యి. ఓ మూల మడత కుర్చీలో కాలు చాపుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. పొయ్యి దగ్గర ఉన్నావిడకి యాభై పైనే ఉంటాయి. పేరు మస్తాన్‌బీ అని, ఆయన తన భర్త అని మాటల్లో తెలిసింది. ఆయన పెంకుటిళ్ళు సర్దే పని చేసేవాడట. ఇంటి కప్పు మీద నుంచి పడి తుంటి విరిగింది. షెడ్డు వెనక ఆయన ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన పాత పెంకులు పేర్చి ఉన్నాయి.

పెంకు నూడుల్స్ కావాలన్నాను. ఆవిడ నా వెనక్కి చూసింది.

"ఒక్కరేనాండీ? పెంకు ఒక్కళ్ళకి వెయ్యనండీ. ఇద్దరుంటేనే వెయ్యమన్నారు" అంది.

ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. హోటళ్ళలో ఒక్కదాన్నే కూర్చోవడం కొత్త కాదు, కానీ ఒక్కదానివే కాబట్టి పెట్టను అని ఎవరూ అనలేదు. అయితే రెండో మనిషిగా మీరే కూర్చోండి అన్నాను. ఆవిడ నవ్వి, నాలుగు రోజులుగా దాన్ని అడిగినవాళ్ళు లేరు, సరే కానివ్వండి అంది.

తను చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. నేను చూసిందంతా చూసినట్టే రాస్తున్నాను. అది బెంగుళూరు పెంకు. మూడు రోజులు గంజిలో నానబెట్టి, ఆరబెట్టి, నూనె పట్టించి వాడుతుందట. నల్లగా నిగనిగలాడుతోంది. దాన్ని కట్టెల మీద కాలనిచ్చింది. గోధుమపిండిలో మునగాకు రసం కలిపి ముద్ద చేసి ఉంచింది. ఆ ముద్దని జంతికల గొట్టంలో పెట్టి మరిగే నీళ్ళలోకి ఒత్తింది. పచ్చటి తీగలు పైకి తేలాక వార్చి పెంకు మీద పోసింది. చుయ్యిమని ఆవిరి లేచింది. దాని మీద ఆమ్లెట్టు సన్నగా తరిగి, మాంసం పీచులు, ఉల్లికాడలు వేసింది. రెండు గిన్నెల్లో ఎండురొయ్యల చారు పోసింది, అందులో బెల్లం వాసన వచ్చింది.

చివర్లో ఒక నిమ్మచక్రం కోసి పైన పెట్టింది. జాడీ తీసి, స్పూను చివరతో పండుమిర్చి పచ్చడి ఆ నిమ్మచక్రం మీద పెట్టింది.

నేను వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. పండుమిర్చి పచ్చడి ఏ వంటింట్లోనైనా ఉంటుందిలే అనుకున్నాను.

ఆవిడ నాకెదురుగా కూర్చుంది. నేను చెయ్యి పెట్టబోతుంటే ఆగమని, అట్లకాడతో పెంకు అడుగు నుంచి కరకరలాడే భాగమంతా గీకి నా వైపు వేసింది. ఇలా ఎందుకు వేశారని అడిగాను.

"పెద్దవాళ్ళకి అడుగుది ముందు పెట్టాలంటండీ. మీరు నాకంటే చిన్నే గానీ, బేరానికి వచ్చారు కదా" అంది.

ఎవరు చెప్పారని అప్పుడు అడిగాను. ఆవిడ చెప్పింది వరసగా రాస్తాను.

పోయిన రంజాన్ నెలలో, ఎర్రటి ఎండలో ఒక మనిషి వచ్చాడట. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. నడినెత్తి మీద సూర్యుడు ఉన్నా ఒంటి మీద చెమట చుక్క లేదు. అది ఆవిడకి బాగా గుర్తుండిపోయింది. ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దన్నాడు. మీరూ రోజా ఉన్నారా అని అడిగితే, కాదండీ, మేం క్రిస్టియన్స్, కానీ నేనూ ఏమీ తీసుకోవడం లేదు అన్నాడు. అప్పటికి ఆవిడ భర్త ఆసుపత్రిలో ఉన్నాడు. బేరాలు లేవు. ఆవిడ దిగులుగా ఉండటం చూసి, వెనక ఉన్న పెంకులు చూసి, నేను ఓడల్లో వంటవాణ్ణి, మీకొక వంట చెబుతాను, ఈ చుట్టుపక్కల ఎవరూ చెయ్యరు అన్నాడట.

మొదట పెంకు పగిలిపోతుందని ఆవిడ అడ్డం చెప్పింది. గంజిలో నానబెడితే పగలదని అతనే చెప్పాడు. మూడు రోజులాగి మళ్ళీ వచ్చాడు. పక్కన నిలబడి ఒక్కొక్కటీ చెప్పి చేయించాడు. తను దేన్నీ ముట్టుకోలేదు.

"ఆయనా తినలేదు, నేనూ రోజా. ఇద్దరం రుచి చూడకుండానే చేశామండీ. ఉప్పు చాలిందో లేదో ఎట్టా తెలుస్తుందండీ అంటే, మా అక్క వచ్చి చెబుతుందిలెండి అన్నాడు."

ఆ మాట విన్నాక చేతిలో ముద్ద చారు గిన్నెలోనే వదిలేశాను.

ఆ అక్క వచ్చిందా అని అడిగాను. ఎవరూ రాలేదండీ, అప్పటి నుంచి చూస్తానే ఉన్నాను అంది. ఆ సాయంత్రం పొద్దు వాలి రోజా విడిచేసరికి అది చల్లారి ముద్దయిపోయిందట. ఆవిడ తర్వాత మళ్ళీ చేసి తిన్నది కానీ, అసలు రుచి ఎలా ఉండాలో తెలియదు కదా అంది. మూలనున్న భర్తని అడిగాను. తను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి బోర్డు మీద మూడో వరుస రాసి ఉందని, ఆ మనిషిని చూడలేదని చెప్పాడు.

మీరు ఈ షెడ్డు ఎప్పుడు వేశారని అడిగాను. పోయిన డిసెంబరులో అన్నారు ఇద్దరూ. అంతకు ముందు హనుమాన్ జంక్షన్ దగ్గర ఉండేవాళ్ళు, హోటల్ అన్నదే లేదు. అంటే ఈ షెడ్డు లేచేనాటికి మా వాడు పోయి ఏడాదిన్నర.

ఆ రోజు నేను పిరికిదానిలా ప్రవర్తించాను. ఎలా ఉందండీ అని ఆవిడ అడిగితే బాగుందండీ అని ముక్తసరిగా అన్నాను. ఆటో తయారైందని డ్రైవరు పిలిచాడు. శాంపిల్స్ పాడవుతాయని చెప్పి డబ్బా పట్టుకుని వచ్చేశాను.

పామర్రులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, జీవితంలో మొదటిసారి ఆ వంట గురించి ఫోన్లో వెతికాను. దొరకడానికి నిమిషం పట్టలేదు. కవారా సోబా అట దాని పేరు. జపాన్‌లో ఒక మూల రేవుల దగ్గర మాత్రమే చేస్తారట, ఆ దేశంలోనే చాలామందికి తెలియదట. ఫొటోలో నల్లటి పెంకు. పచ్చటి నూడుల్స్. ఆమ్లెట్టు. మాంసం. నిమ్మచక్రం. వాడు చెప్పిందంతా ఉంది. బస్సులో అందరి ముందూ ఏడ్చాను. ఒక్క నిమిషం పని. ఆ సంగతి చెప్పాక వాడు బతికున్న ఎనిమిదేళ్ళలో ఎప్పుడైనా చూసి ఉండొచ్చు.

కళ్ళు తుడుచుకుని ఇంకా చదివాను. నిమ్మచక్రం మీద ఎర్రగా పెట్టేది పచ్చడి కాదు. మిరపకాయ కలిపి తురిమిన ముల్లంగి. ఎన్ని ఫొటోలు చూసినా, ఎన్ని వీడియోలు చూసినా ముల్లంగే. దాన్ని పండుమిర్చి పచ్చడి అనుకున్నవాడు నాకు తెలిసి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

అడుగుది పెద్దవాళ్ళకి ముందు పెట్టాలన్న ఆచారం కోసం కూడా వెతికాను. ఎక్కడా లేదు. అది జపాన్ ఆచారం కాదు. కంకిపాడులో మా అమ్మ పెట్టిన రూలు.

ఆ వారమంతా నేను చేసింది ఒకటే పని, ఇది ఎలా జరిగి ఉంటుందో లెక్క తేల్చుకోవడం. గంజి సంగతి సాక్ష్యం కాదు, కుండ వాడిన ఏ ఆడమనిషికైనా తెలుస్తుంది. ఇద్దరికే పెట్టడం సాక్ష్యం కాదు, అక్కడా కొన్ని హోటళ్ళలో అలాగే పంచుకుని తింటారట. విక్టర్‌తో పాటు ఓడలో పనిచేసినవాడు ఎవరైనా వచ్చి ఉండొచ్చు. వాడి కబుర్లు విన్నవాడే అనుకుందాం. పచ్చడి సంగతి వాడికి తెలిసి ఉండొచ్చు. మాడు సంగతీ తెలిసి ఉండొచ్చు. కానీ అలాంటి మనిషి మా అక్క వచ్చి చెబుతుంది అని ఎందుకు అంటాడు? నేను ఏ ఆటో ఎక్కుతానో, అది ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు? మస్తాన్‌బీ అబద్ధం చెబుతోందా అంటే, ఆవిడకి నా పేరు కూడా తెలియదు.

అలా వెతుకుతూ వెతుకుతూ వాడి మిగతా కోతలు కూడా ఒక్కొక్కటే చూశాను. అర్ధరాత్రి సూర్యుడు నిజమే. బస్సంత చేప కూడా ఉంది, ఓడల పక్కన ఈదుతుందట. వాడు చెప్పిన వాటిలో కాలు విరగడం ఒక్కటే అబద్ధమని తేలింది. దానికి కారణం కూడా ఇప్పుడు తెలుస్తోంది. వారానికి రెండుసార్లు ఆ ఊరికి పోతూ కూడా, అప్పటికి నేను ఆ ఇంటి గడప తొక్కి రెండు నెలలైంది.

తర్వాతి గురువారం మళ్ళీ వెళ్ళాను. షెడ్డు అక్కడే ఉంది. ఇలాంటి అనుభవాలు చెప్పేవాళ్ళు రెండోసారి వెళ్తే అక్కడ ఏమీ లేదంటారు, నాకలా జరగలేదు. వాన వెలిసింది. మస్తాన్‌బీ నన్ను గుర్తుపట్టి, పెంకు పొయ్యి మీద పెట్టి, నేనడక్కుండానే తన గిన్నె కూడా తెచ్చుకుంది.

నా ఫోన్లో విక్టర్ ఫొటో సిద్ధంగా పెట్టుకున్నాను. ఓడ మీద చొక్కా చేతులు మడిచి, చేత్తో గరిటె పట్టుకుని నవ్వుతున్న ఫొటో. చూపించి ఈయనేనా అని అడగాలి. అవునో కాదో తేలిపోతుంది. నేను చేసే ఉద్యోగమే అది.

ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాను. ఆవిడ అవునంటే నేను ఊరుకోను, ఇంకో పరీక్ష వెతుకుతాను. కాదంటే వెంటనే నమ్మేస్తాను. నా సంగతి నాకు తెలుసు. ఈసారి నిజంగానే అని చెప్పినవాణ్ణి మళ్ళీ పరీక్షకి నిలబెట్టడం నా వల్ల కాలేదు. ఫోన్ సంచిలో పెట్టేశాను.

ఆవిడ అడుగుది గీకి నా వైపు వేసింది. చారులో ముంచుకుని నిదానంగా తిన్నాను. కరకరలాడుతోంది. నిమ్మ పులుపు, పచ్చడి కారం, బెల్లం తీపి, అన్నీ నాలుక మీదికి వచ్చాయి. పోయిన వారం నేను రుచి చూడనేలేదని అప్పుడు తెలిసింది.

"వాళ్ళక్కని నేనేనండీ. ఉప్పు సరిపోయింది. వాడు చెప్పింది చెప్పినట్టే ఉంది" అన్నాను.

మస్తాన్‌బీ గిన్నె కింద పెట్టింది. కాసేపు నా మొహం చూసింది. పోలిక కనిపించిందో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆవిడ మొహం విప్పారింది. ఇన్నాళ్ళకి నా మనసు కుదుటపడింది, నోటికి తెలియని వంట పదిమందికి పెడుతున్నానని బెంగగా ఉండేదండీ అంది. నా గిన్నెలో ఇంకో గరిటె చారు పోసింది.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఈసారి తమ్ముడు గారిని కూడా తీసుకురండమ్మా. పాపం రెండు రోజులు ఎండన పడి వచ్చి, నాకింత నేర్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళాడు."

అలాగేనండీ అన్నాను.

ఆ వంట నేర్పింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఈ సంగతి ల్యాబులో ఒకళ్ళిద్దరికి చెప్పాను. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఇది నిజంగానే జరిగింది అని చెప్పబోయి, ఆ మాట వాడి గొంతులో వినిపించి ఊరుకున్నాను.

గురువారాలు అక్కడే తింటున్నాను. మస్తాన్‌బీకి బేరాలు పెరిగాయి, నాతో కూర్చోవడానికి ఆవిడకి అన్ని రోజులూ తీరదు. తీరని రోజున కూడా నాకు పెంకు వేస్తుంది. రెండో గిన్నెలో చారు పోసి, ఎదురు బెంచీ ముందు పెట్టి వెళ్తుంది.